నాన్న పళ్ళ అచ్చు

పండూ,

మేం బానే ఉన్నాం, కంగారు పడకు. మీ నాన్న గురకకి పళ్ళ డాక్టరమ్మ ఒక తొడుగు చేసిచ్చింది. పడుకునేముందు పళ్ళకి తగిలించుకుంటే కింది దవడని కాస్త ముందుకి పట్టి ఉంచి, ఊపిరికి దారిస్తుందట. ఇల్లదిరే ఆ గురక అంత చిన్న ముక్కకి అణిగిపోయిందిరా! ఆయన ఊపిరి పసిపిల్లాడిలా వస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

నీకూ నిద్రలో ఊపిరి ఆగాగి వస్తోందని కోడలు చెప్పింది కదా. నీది మీ నాన్న దవడే గదా అని, ఆయన పళ్ళకి తీసిన అచ్చుతోనే నీకూ ఒకటి చేసిమ్మన్నాను. డాక్టరమ్మ నవ్వి, "కుదరదమ్మా, కవలపిల్లలకైనా ఒకరిది ఇంకొకరికి పట్టదు" అంది. "నా పళ్ళు వాడికెందుకే, వాడివి వాడికున్నాయిగా" అని మీ నాన్న వెటకారం. నేను మాత్రం బిత్తరపోయాను. ఇంతమంది జనంలో ఒక నోరులాంటిది ఇంకోటి లేదంటే ఎంత వింత! పోయిన మీ అక్క నవ్వు ఇంకెవరికైనా ఉందేమోనని ఏడాదిగా కనపడ్డ మొహమల్లా వెతుకుతున్నాను, పిచ్చిదాన్ని.

నీ బదులు నేను అచ్చు ఇచ్చి రాలేను నాన్నా, నువ్వే వెళ్ళి చూపించుకో. వాయిదా వేయకు. పిల్లల్లో నాకు మిగిలింది నువ్వే. కోడలికీ పాపకీ నా దీవెనలు. వేళకి కడుపునిండా తిను.

అమ్మ