మాస్టారు రమ్మన్నారని

గౌరవనీయులైన మాస్టారు గారికి,

చదువు మధ్యలో ఆగినవాళ్ళని కాలేజీలో చేరేందుకు తయారుచేసే మీ సాయంత్రం క్లాసుకు వస్తున్న తవిటినాయుడికి నేను పెద్దక్కను. తల్లి లేని వాణ్ణి నేనే పెంచాను.

మొన్న పాఠం పైకి చదవమంటే వాడు చేతులు తిప్పాడనీ, వెక్కిరిస్తున్నాడనుకుని మీరు బయటకు పొమ్మన్నారనీ తెలిసింది. వాడిది పోర్టులో ఓడ మీద నిలబడి, క్రేను నడిపేవాడికి చేతులతో సైగలు చేసే పని. ఆ మోతలో గొంతు పనికిరాదు. భయమేస్తే వాడికి మాటకంటే ముందు చేతులే లేస్తాయి. వెక్కిరింత కాదండి.

అప్పటి నుంచి క్లాసు వేళకి బయల్దేరి, వెళ్ళి బీచిలో కూర్చుంటున్నాడు. “ఏట్రా ఇది?” అంటే, “అందరూ నవ్వీసినారక్కా. నానింక ఎల్లను. ఇలగ బతికేటి లాబం?” అన్నాడు. ఆ మాట విన్నాక, వాడు ఇల్లు చేరేదాకా దేవుడి దీపం ముందు నుంచి లేవలేకపోతున్నాను.

సోమవారం మాస్టారు రమ్మన్నారని చెప్పి పంపుతున్నాను. మీరు రమ్మనలేదు. సింహాద్రి అప్పన్న పటం ఎదుటే అబద్ధమాడాను. వాడు గుమ్మంలోకి రాగానే, దయచేసి ఆ మాట మీరు నిజం చేయండి.

నమస్కారాలతో,
తవిటినాయుడి అక్క