బొంగరానికి చెప్పిన మాటలు

చిరంజీవి బామ్మర్దికి,

బావ దీవెనలు. ఇక్కడ నేనూ మీ అక్కా కులాసా. నా కులాసా మీద మీ అక్కకి వేరే అభిప్రాయం ఉంది.

రిటైరై మూడు నెలలైంది. ముప్పై మూడేళ్ళు బస్సు స్టీరింగ్ పట్టుకున్న చేతులు ఊరికే ఉండమంటే ఉంటాయా? మీ అక్క స్కూటర్ నడుపుతుంటే వెనకాల కూర్చుని గేరు మార్చమనీ, హారన్ కొట్టమనీ చెప్పేవాడిని. మొన్నొకరోజు బండి ఆపి నన్ను నడిరోడ్డు మీద దింపేసి వెళ్ళిపోయింది. ఆ వారమే నీ మేనకోడలికి చెప్పి ఒక కంప్యూటరూ, జాయ్‌స్టిక్కూ, కాళ్ళతో తొక్కే పెడళ్ళూ, హెడ్‌ఫోనూ తెప్పించి ముందు గదిలో పెట్టించింది. పాతకాలపు యుద్ధ విమానాలు నడిపే ఆట.

ఒంటరిగా నేర్చుకునే పాఠాలన్నీ అయిపోయాయి. ఎగురుతున్నాను, దిగుతున్నాను. కానీ కంప్యూటరు నడిపే విమానాలతో ఎంతకాలమని ఆడను? ఖాళీ బస్సు తిప్పుతున్నట్టుంది. మనుషులతో ఆన్‌లైన్లో ఆడాలని ఉంది. నిజం చెబుతున్నాను, నాకోసం ఎవరైనా ఎదురు చూసి మూడు నెలలైంది.

నువ్వు ఈ ఆటలో మూడేళ్ళుగా ఆరితేరావని మీ అక్క వీధంతా చెప్పుకుంది. మొన్న పెళ్ళి భోజనాల దగ్గర రెండు చెంచాలు గాల్లో తిప్పుతూ నువ్వు చెప్పిన యుద్ధం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. ఎలా మొదలు పెట్టాలో చెప్పు. ఫోన్లో చెబితే మర్చిపోతాను. కాగితం మీద రాస్తే స్క్రీను పక్కన అంటించుకుంటాను.

ఇట్లు,
ఖాళీగా ఉన్న నీ బావ

తా.క.: పెడళ్ళు రెండే ఉన్నాయి. క్లచ్ ఇవ్వడం మర్చిపోయారా?

* * *

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మిక్సీలకీ, హెయిర్ డ్రయర్లకీ వాడే విధానం పుస్తకాలు రాసే ఉద్యోగంలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. నాకంటే బాగా చెప్పేవాళ్ళు మీకు దొరకరు.

మొదటి సంగతి. సర్వరు అంటే అందరూ కలిసి ఆడే మైదానం. జాబితాలో "కొత్తవారికి" అని రాసి ఉన్నది ఎంచుకోండి. అందులో ప్రతి విమానం మీదా పేరు కనబడుతుంది. నీలం మనవాళ్ళు, ఎరుపు శత్రువులు. రెండో సంగతి. మీకొక మారుపేరు పెట్టుకోండి. మూడోది, మాట్లాడే మీట. అది నొక్కి ఉంచినప్పుడే మీ మాట అవతలివాళ్ళకి వినబడాలి, వదలగానే ఆగిపోవాలి. ఆ సెట్టింగ్ ముందే చూసుకోండి. ఇక అన్నిటికన్నా ముఖ్యం, ఒంటరిగా పోవద్దు. అనుభవం ఉన్న ఒకరి వెనకాల ఉండి, మాటిమాటికీ మీ వెనక్కి చూసుకుంటూ ఉండండి.

నేను కూడా వచ్చేవాడినేగానీ, నేనాడే సర్వర్లు వేరు. అక్కడ పేర్లు కనబడవు, దయాదాక్షిణ్యాలు ఉండవు.

విధేయుడు,
మీ బామ్మర్ది

తా.క.: విమానానికి క్లచ్ ఉండదు. దయచేసి వెతకకండి.

* * *

చిరంజీవి బామ్మర్దికి,

దీవెనలు. నిన్న సాయంత్రం మనుషుల్లోకి వెళ్ళాను. మారుపేరు "డ్రైవరు" అని పెట్టుకున్నాను. మా జట్టుకి పెద్ద ఒకావిడ. పగలు ఆసుపత్రిలో నర్సు, అందరూ నర్సమ్మ అంటారు. మంచి మనిషి. మొదటి పది నిమిషాలూ నన్నేమీ అనలేదు.

ఆ పది నిమిషాలూ నేను రన్‌వే మీదే ఉన్నాను. జట్టులో ఇంకా ఇద్దరు రావాలని రాసి ఉంటే, వాళ్ళని వదిలేసి బండి ఎలా తీస్తాను? నా వెనక నాలుగు విమానాలు ఆగిపోయాయి. చివరికి నర్సమ్మ బతిమాలితే కదిలాను.

నువ్వు చెప్పినట్టే మాటిమాటికీ వెనక్కి చూసుకున్నాను. ఒకడు బాగా దగ్గరికొచ్చాడు. పాపం తొందరలో ఉన్నాడని పక్కకి తప్పుకుని దారిచ్చాను. వాడు నన్ను కాల్చేశాడు. ఇలా మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ ఎరుపు పేరే. అంత మర్యాద లేని జనాన్ని నా సర్వీసులో చూడలేదు.

నాలుగోసారి కింద పొలంలో ఒకడు పారాచూట్‌తో దిగి దిక్కులేకుండా నిలబడి ఉంటే, విమానం దింపి పక్కన ఆపాను. వాడు శత్రువట. నర్సమ్మ నవ్వి నవ్వి వెళ్ళి కొండకి గుద్దుకుంది.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఆటలో హారన్ ఏ మీట? ఎంత వెతికినా దొరకలేదు.

* * *

బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం ఆఫీసులో చదివి తల పట్టుకున్నాను. మీరు నడుపుతున్నది ఫైటర్ విమానం. అది ఎవరికీ దారివ్వదు, ఎవరినీ ఎక్కించుకోదు. ఎరుపు పేరు మీ వెనక్కి వచ్చిందంటే గట్టిగా ఒక పక్కకి తిరిగిపోవాలి. తిరిగేటప్పుడు ముక్కు మరీ పైకి లాగితే గాలి పట్టు తప్పి విమానం గిర్రున తిరుగుతూ పడిపోతుంది. అలా తిరిగితే ఇంజను తగ్గించి, చేతిలోని జాయ్‌స్టిక్ కర్ర ముందుకి తోసి, తిరుగుతున్న వైపుకి ఎదురు పెడల్ తొక్కాలి. చదవడానికి చాలా తేలిక.

ఉంటాను,
మీ బామ్మర్ది

తా.క.: హారన్ లేదు. ఆ నర్సమ్మగారి సర్వరు పేరేమిటి, ఏ వేళకి ఆడతారు? ఊరికే, తెలుసుకుందామని.

* * *

చిరంజీవి బామ్మర్దికి,

దీవెనలు. సర్వరు పేరు "మబ్బుల వీధి". రోజూ ఆరు నుంచి ఏడు దాకా.

మాట్లాడే మీట గురించి నువ్వు రాసింది నేను సరిగ్గా చదవలేదు. నలభై నిమిషాలు మా ఇల్లు మొత్తం అందరికీ వినబడింది, శత్రువులతో సహా. మీ అక్క నా మోకాలికి ఆయింట్‌మెంట్ రాసుకోలేదని వాయించిన వాయింపు కూడా. మర్నాడు నన్ను కాల్చబోయే ముందు ఒక ఎరుపు మనిషి "మోకాలు ఎలా ఉంది సార్" అని రాసి, తగ్గిందని చెప్పాకే కాల్చాడు. ఇప్పుడు మీట సరిచేశాను. ఇద్దరికే వినబడే మీట ఇంకొకటి ఉందని కూడా తెలిసింది.

వారం నుంచి మా జట్టులోకి ఒక కొత్త మనిషి వస్తున్నారు. నోరు విప్పరు, ఎప్పుడైనా ఒక ముక్క టైప్ చేస్తారు. ఎగిరిన ప్రతిసారీ గిర్రున తిరిగి పడిపోతుంటే అందరూ "బొంగరం" అని పేరు పెట్టారు. నిన్న విమానాలు పెట్టే హ్యాంగరు గోడకి గుద్దారు, ఇంకా బయటికి రాకముందే. నాకంటే అధ్వానంగా ఒకరుంటారని నేననుకోలేదు. జాలేసి నా పక్కన పెట్టుకుని నేర్పుతున్నాను.

అసలు సంగతి. వచ్చే ఆదివారం జంటల పోటీ ఉంది. ఎన్ని విమానాలు కూల్చినా, ఇద్దరూ క్షేమంగా దిగితేనే లెక్కలోకి వస్తుంది. నా జంటగా నువ్వు రావాలి. ఒక్కరోజు నీ పక్కన ఎగరాలని ఉంది నాకు.

ఎదురు చూసే,
నీ బావ

తా.క.: నువ్వొస్తున్నావని నర్సమ్మకి ముందే చెప్పేశాను. చెంచాల యుద్ధం కూడా చెప్పాను.

* * *

బావగారికి,

నమస్కారాలు. ఆదివారం రాలేను. కొత్త మోడల్ ఇస్త్రీపెట్టె పుస్తకం సోమవారానికి అచ్చుకి పోవాలి. చెయ్యి కూడా బెణికింది. జ్వరం వచ్చేలా ఉంది.

బొంగరం గురించి మీరు అలా రాయడం నాకు నచ్చలేదు. హ్యాంగరు తలుపు ఇరుకేమో, మీరు చూశారా? కొందరికి పుస్తకం అంతా కంఠతా వచ్చు, పదిమంది చూస్తున్నారనేసరికి చేతులు వణుకుతాయి. అలాంటి వాళ్ళని చూసి నవ్వకూడదు.

ఉంటాను,
మీ బామ్మర్ది

తా.క.: నర్సమ్మగారికి చెంచాల సంగతి చెప్పకుండా ఉండాల్సింది.

* * *

చిరంజీవి బామ్మర్దికి,

దీవెనలు. నువ్వు రానన్నందుకు బాధపడ్డాను. ఇప్పుడు బాధ లేదు. ఆదివారం నేను బొంగరంతోనే వెళ్తున్నాను.

ఎందుకంటే ఆ బొంగరం ఎవరో నాకు తెలిసిపోయింది. మొన్న నేను రన్‌వే గుర్తుపట్టలేక తడుముకుంటుంటే "దూరం కళ్ళజోడు పెట్టుకోండి" అని టైప్ చేసింది. నాకు రెండు కళ్ళజోళ్ళున్నాయని ఆ మైదానంలో ఎవరికి తెలుసు? మన ఇంటి మనిషే. నీకు బాగా తెలిసిన మనిషే. ఇంతకంటే రాయను. తెలిసిందని బయటపడను కూడా. సిగ్గుపడి రావడం మానేస్తే నేనేం కావాలి?

నిన్న మొదటిసారి బొంగరం క్షేమంగా దిగింది. డిపోలో బస్సు వెనక్కి పెట్టించినట్టు "రానీ, రానీ, కొంచెం ఎడమ, చాలు" అంటూ దింపించాను. సర్వీసులో ఎన్ని లక్షల మందిని దింపానో తెలియదుగానీ, ఇంత సంతోషం ఎప్పుడూ లేదు.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఎదుట కూర్చుంటే నోటికి రాని మాటలు ఆ హెడ్‌ఫోన్లో చక్కగా వస్తున్నాయి. ఆదివారం కొన్ని చెప్పాలనుకుంటున్నాను.

* * *

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీకు తెలిసిపోయిందని చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. అయినా ఆదివారం వచ్చాను. ఇక దాచలేను.

బొంగరాన్ని నేనే. మూడేళ్ళూ ఒక్కడినే కంప్యూటరుతో ఆడుకున్నాను. మనుషులతో ఒక్కరోజూ ఆడలేదు. నలుగురూ నవ్వుతారని భయం. పెళ్ళిలో చెప్పిన యుద్ధం కూడా పుస్తకంలో చదివిందే. మీరు పడ్డ కష్టాలు చదివి, నేను రాసినవి అసలు పనిచేస్తాయో లేదో చూద్దామని వచ్చాను. నా వరకు పనిచేయలేదు.

ఆదివారం మీ ఎదుట ఎర్ర విమానం పొగలు కక్కుతోంది. ఇంకొక్కసారి కాలిస్తే మనం గెలిచేవాళ్ళం. అప్పుడే నేను వెనకాల గిర్రున తిరగడం మొదలుపెట్టాను. మీరు దాన్ని వదిలేసి నా దగ్గరికొచ్చారు. "కర్ర ముందుకి తొయ్యి, ఎదురు పెడల్ తొక్కు, నేనున్నాను" అన్నారు. అది నేను రాసిచ్చిన పాఠమే. మీ నోట వింటేగానీ నా కాలు కదల్లేదు.

పోటీ ఓడిపోయినా ఇద్దరం క్షేమంగా దిగాం. దిగాక మీరు చెప్పిన ప్రతి మాటా నాకు గుర్తుంది. "ముప్పై ఏళ్ళు నన్ను భరించావు" అన్నారు. మనకి పరిచయమై ముప్పై ఏళ్ళయిందని మీరు లెక్కపెట్టుకున్నారని తెలిసి కళ్ళు చెమర్చాయి. "పెళ్ళిలో మొదటిసారి చూసినప్పుడు నువ్వు నాకు భయపడ్డావు, నాకూ అంతే భయం" అన్నారు. నిజమే, నాకప్పుడు పదిహేనేళ్ళు, మీకు పెద్ద మీసాలు. "పొద్దున్నే నాలుగింటికి నేను డ్యూటీకి వెళ్తుంటే నాకంటే ముందు వంటింట్లో దీపం వెలిగేది. నేనే ఎన్నడూ వెనక్కి తిరిగి ఒక మాట అనలేదు. ఆ దీపం చూసుకునే రోజంతా బండి నడిపాను" అన్నారు. మీ ఇంట్లో ఉండి చదువుకున్న రెండేళ్ళూ నేను నాలుగింటికే లేచేవాడిని. మీరు గమనించారని ఇన్నాళ్ళూ తెలియదు.

ఇంత ప్రేమకి నేను తగను. అబద్ధాలాడిన మనిషిని. క్షమించండి.

మీ,
బొంగరం

తా.క.: "జుట్టు నెరిసినా నీ జడ ఇప్పటికీ ఎంత ఒత్తుగా ఉందో" అన్నది మాత్రం అర్థం కాలేదు. నాకు బట్టతల వచ్చి పదేళ్ళయింది. వేళాకోళమైతే ఫర్వాలేదు.

* * *

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మీ బావ మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్ళిన వేళ నీ ఉత్తరం వచ్చింది. విప్పి చదివాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

ఒరేయ్ పిచ్చివాడా, ఆయన ఆ మాటలు నీకు చెప్పలేదురా. నాకు చెప్పారు. బొంగరం నేనే అనుకుంటున్నారు. ఇప్పుడర్థమైంది. రోజూ ఏడింటికి నేను గది తలుపు తియ్యగానే నవ్వుతూ ఎదురొచ్చి, "చెయ్యి నొప్పెట్టిందా" అని అడుగుతుంటే మనిషికి ఏమైందోనని డాక్టరుకి కూడా చెప్పమన్నాను. ఆరింటికి ఆ విమానాల మోత భరించలేక, తలుపేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, అమ్మాయి వదిలేసిన లాప్‌టాప్‌లో వంటల వీడియోలు చూస్తున్నాను. అందుకే ఆయన మాట ఒక్కటీ నా చెవిన పడలేదు.

నాలుగింటికి దీపం వేసి ముప్పై ఏళ్ళు వంటింట్లో నిలబడ్డాను. ఆయన ఒక్కనాడూ తల తిప్పలేదు. చూడలేదనే అనుకున్నాను. చాలాసార్లు ఏడ్చాను కూడా. ఈ ఉత్తరం ఆయనకి ఇవ్వను, నీకు తిరిగి పంపను, నీ చేతిరాతలో ఉన్నా సరే. ఇది నాది.

నువ్వు అబద్ధం చెప్పావని ఆయనకి నేను చెప్పను. నువ్వూ చెప్పకు. రోజూ ఆరింటికి వెళ్ళు, ఆయన పక్కనే ఉండు, ఏమన్నారో పొల్లుపోకుండా రాసి నా పేరున పోస్ట్ చెయ్యి. జీవితంలో మొదటిసారి నీ రాతతో ఒకరికి ఉపయోగం ఉంటుంది.

ఒక నెల రోజుల్లో నాకు ఆ విమానం నడపడం నేర్పు. ఒకనాటి సాయంత్రం నీ బదులు నేనెక్కుతాను. ఆయనకి తేడా తెలియకూడదు. అప్పటినుంచి ఆయన మాట్లాడేది నాతోనే.

మీ అక్క

తా.క.: ముందు గిర్రున తిరిగి పడిపోవడం నేర్పు. మొదటిరోజే బాగా నడిపితే ఆయనకి అనుమానం వస్తుంది.