పాలరాయి మీది పసుపు

బుధవారం, రాత్రి. జర్మనీ.

అమ్మయ్య. ఇయ్యాల పానం కుదుటపడ్డది. రాయి మీది మరక పోయింది.

ఉలి పెట్టే ముందు రాయికి పసుపు రాసి మొక్కుడు మా ఇంట్ల అలవాటు. మా ఇటిక్యాల నల్లరాయి అయితే నీళ్లు పోస్తే పోతది. ఈ మ్యూజియమోళ్లు బొమ్మ చెక్కమని నాకిచ్చింది తెల్ల పాలరాయి. పసుపును మొత్తం పీల్చుకున్నది. ఎంత తోమినా పోలే. సరిగ్గ బొమ్మ మొఖం వచ్చే కాడ! లోపలికి ఎంత దిగిందో తెల్వదు.

ఆదివారం గద్వాలకు ఫోన్ చేసి మా ఆమెకు చెప్పుకున్న. పద్మ నేతోళ్ల బిడ్డ. ఒకటే నవ్వుడు.

"దానికింత పరేషాన్ ఎందుకయ్యా? తెల్లచీరెకు పసుపు అంటితే ఎండల ఆరేస్తం గదా. నీ రాయిని గూడ ఆరెయ్యి."

ఈ ఊర్ల ఎండ యాడిది? జరంత ఎండపొడ వచ్చినప్పుడల్లా మ్యూజియం మేడం మరియా, నేను బండి మీద రాయిని బయటికి నూకినం. ఇయ్యాల సాయంత్రం చూస్తే పాల లెక్క తెల్లగున్నది.

"ఇగ మొదలుపెడ్తవా?" అన్నది మరియా. పెడ్త అన్న.

గదికొచ్చినంక గుబులైంది. మరకతోని మొక్కు గూడ పోయినట్లేనా? మళ్ల రాయాలంటే భయం. రాయకుంట ఉలి ఎట్ల పెట్టాలె...

పొద్దుగాల పసుపు ఉలికి రాస్త. రాయి వాళ్లదే గాని, ఉలి మా నాయినది.