మెట్లు దిగిన కాళ్లు

గురువారం, రాత్రి

కానిస్టేబుల్ పరుగు పరీక్ష ఎల్లుండి. కాళ్లు గట్టిపడతాయని నిన్న నాతోపాటే ఆ పరుగుకు వస్తున్న ఎదురింటి హేమతో అలిపిరి మెట్లెక్కాను. దిగడానికి బస్సు ఉన్నా, "పరిగెత్తి దిగేద్దాం పా మే" అన్నది హేమే. నేను పరిగెత్తాను. తను మెల్లగా దిగింది.

ఈ రోజు తొడలు రాళ్లయ్యాయి. నొప్పి అన్న మాట దీనికి చాలదు, సలుపు అనాలి. అమ్మ కాపడం పెడుతుంటే హేమ వచ్చి, తొడ మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. అరిచాను.

"ఈడేనా? ఎల్లుండికి తగ్గదులే మే" అని నవ్వింది.

"మెల్లగా నడిస్తే తగ్గిపోతాది" అంది అమ్మ.

హేమ నవ్వు ఆగింది. "వద్దత్తా, కదలకుండా పండుకోనీ."

తను వెళ్లాక గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచాను. ఏడుపొచ్చింది. మళ్లీ నడిచాను. ఎల్లుండి నేను ఓడినా సరే, ఆ హేమ మాత్రం గెలవకూడదు...