రాధ తుపాకీకి జిగురు

కాపెల్, టెక్సస్,
మార్చి 3

ప్రియమైన వదినగారికి నమస్కారం.

ఫిబ్రవరి ఒకటి, శనివారం. రాధ ఆరింటికి లేచింది. ఉప్మా చేసింది. ఎనిమిదింటికి తుపాకీ తీసుకుని షూటింగ్ రేంజ్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లింది. ఇరవై తూటాలు కాల్చింది. పదకొండున్నరకి వచ్చి టార్గెట్ కాగితం టేబుల్ మీద పెట్టింది. పద్దెనిమిది చిల్లులు అరచేతంత చోటులో ఉన్నాయి. రెండు బాగా పక్కకి పోయాయి. ఆ రెంటి గురించి నేను పావుగంట మాట్లాడాను. "కాసేపు పడుకుంటానండీ" అని లోపలికి వెళ్లింది. రెండింటికి లేపితే లేవలేదు. అంబులెన్స్ తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. సాయంత్రం ఆరు ఇరవైకి పోయింది.

ఫోన్‌లో నేను "ఊ" తప్ప ఏమీ అనడం లేదని, ఉత్తరంలో రాయమన్నారు. రాశాను.

ఇంకో విషయం. ప్లేనోలో మా స్నేహితుల అమ్మాయి రష్మి మీకు తెలుసు. రాధని మొదట రేంజ్‌కి తీసుకెళ్లింది ఆమే. ఏప్రిల్ ఆరున క్లబ్ పోటీలో రాధ తుపాకీతో కాలుస్తానంది. సరేనన్నాను. ఇచ్చేలోపు దాన్ని బాగుచేయాలి.

తుపాకీ ఇనుప భాగం స్టాక్‌లో, అంటే భుజానికి ఆనించే పిడి భాగంలో, కూర్చుంటుంది. రాధ స్టాక్ లోపల అల్యూమినియం దిమ్మ ఉంది. ఇనుము దాని మీద ఆని, రెండు మరలతో బిగుసుకుంటుంది. అమ్మినవాళ్లు ఇది చాలంటారు. నేను చాలదంటాను. మధ్యలో కాగితం మందం ఖాళీలు ఉంటాయి. అక్కడ ఎపాక్సీ జిగురు పలుచగా వేసి గట్టిపడనిస్తే, అచ్చు పోసినట్టు కూర్చుంటుంది. నాలుగేళ్లు చెప్పాను. రాధ వద్దంది. ఆ రెండు తూటాలు పక్కకి పోవడానికి కారణం అదే.

వేయాలా, వద్దా? మీ అభిప్రాయం రాయండి.

మీ మరిది,
దామోదర్

తా.క. ఎపాక్సీ కొన్నాను.

డబ్లిన్, కాలిఫోర్నియా,
మార్చి 9

మరిదిగారికి చాముండేశ్వరి ఆశీస్సులు.

మొదటి పేజీ నాలుగుసార్లు చదివాను. దాని గురించి ఇప్పుడు రాయలేను. రెండో పేజీ గురించి రాస్తాను.

ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, నాకే అర్థం కాలేదు. కోడలు శ్రీవిద్యని అడిగితే, "అత్తయ్యా, కాస్త మెల్లగా! కాలిఫోర్నియాలో తుపాకీ మాట పక్కింటికి వినపడితే బాగుండదు" అంది. చివరికి నాకు బోధపడింది ఇది: కుక్కర్‌కి గాస్కెట్ ఉంది, ఆవిరి బయటికి పోవడం లేదు, అయినా మీరు మూత చుట్టూ గోధుమపిండి మెత్తుతానంటున్నారు. వద్దు.

రాధ ఎందుకు వద్దందో ఎప్పుడైనా అడిగారా? అడగరు. మీరు వివరిస్తారు. మా గృహప్రవేశంలో పాలు ఎందుకు పొంగుతాయో మా ఆయనకి వివరించారు. పాలు పొంగి, మాడి, గిన్నె కూడా పోయింది.

తుపాకీని ఉన్నదున్నట్టు ఆ పిల్లకి ఇచ్చేయండి. ఇంతకు మించి చెప్పలేను, ఒకరికి మాటిచ్చాను. ఎవరికని అడగకండి. మీరెలాగూ అడగరులెండి.

అన్నం వేళకి తినండి.

మీ వదిన,
చాముండేశ్వరి

కాపెల్,
మార్చి 18

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. పాలు మాడింది స్టవ్ వల్ల.

ఆదివారం పని చేశాను. దిమ్మ మీద ఏవో పాత మరకలుంటే గరుకు కాగితంతో రుద్దేశాను. తర్వాత ఎపాక్సీ వేశాను. ముందుగా ఇనుముకి మైనం పూయాలి, లేకపోతే అతుక్కుపోతుంది. కిట్‌లో మైనం వచ్చింది కానీ వాసన నచ్చలేదు. ఇడ్లీ రేకులకి నూనె రాస్తే అంటుకోవు కదా అని రాధ కొబ్బరినూనె రాశాను. సూత్రం ఒకటే.

సూత్రం ఒకటి కాదు.

తుపాకీ, స్టాక్ ఒకటైపోయాయి. మరలు తీశాను. రబ్బరు సుత్తితో కొట్టాను. రాలేదు. చలికి ఇనుము ముడుచుకుంటుంది కనుక గరాజ్‌లో ఫ్రీజర్‌లో పెట్టాను. గొట్టం పట్టక మూతలోంచి బయటికి ఉంది.

నిన్న రష్మి పప్పు తెచ్చి, ఫ్రీజర్‌లో పెడతానని వెళ్లింది.

"అంకుల్, ఆంటీ రైఫిల్ బఠానీల మీద ఎందుకు పడుకుంది?"

చెప్పాను. నలభై నిమిషాలు పట్టింది.

"ఇట్స్ ఓకే అంకుల్. నేను నా రైఫిల్‌తోనే షూట్ చేస్తా."

నాకు ఓకే కాదు. దీన్ని సరిచేసి కాలిస్తే ఇరవైకి ఇరవై ఒకే చోట పడతాయి. తప్పు రాధది కాదు, తుపాకీది అని తేలుతుంది. అది నేను చూడాలి.

మీ మరిది,
దామోదర్

డబ్లిన్,
మార్చి 24

మరిదిగారికి,

మాట తప్పుతున్నాను. రాధ నన్ను క్షమించాలి.

మీరు రుద్దినవి మరకలు కావు. రెండేళ్ల కిందట మీరు ఆఫీస్ పని మీద హ్యూస్టన్ వెళ్లినప్పుడు, రాధ తుపాకులు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లి మీరు చెప్పిన జిగురే వేయించింది. అల్యూమినియం రంగుదే వేయమందట, మీకు కనపడకుండా. ఆ సాయంత్రమే నాకు ఫోన్.

"అక్కా, ఆయన చెప్పింది నిజమే. ఇదివరకటి కంటే బాగా తగులుతోంది. ఆయనతో అనకు."

"ఏమే, అంటే ఏమైంది?"

"అమ్మో! ఇది గెలిచారంటే రేపు టైర్లలో గాలి, ఎల్లుండి నా దోసె పెనం. ఈ ఒక్కటీ తేలకుండా ఉంటేనే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

ఇద్దరం దగ్గొచ్చేదాకా నవ్వుకున్నాం.

కాబట్టి తుపాకీలో లోపమేమీ లేదు. దాన్ని బయటికి తీయండి.

మీ వదిన,
చాముండేశ్వరి

కాపెల్,
ఏప్రిల్ 4

ప్రియమైన వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరం వచ్చిన రోజే తుపాకీ విడిపోయింది. సుత్తితో ఒక్కటి కొడితే టప్పుమంది. నా పొర మొత్తం ఊడొచ్చింది. దాని కింద, గరుకు కాగితం అందని మూలల్లో, ఆ రెండేళ్ల కిందటి పొర ఉంది. నున్నగా, ఒక్క బుడగ లేకుండా. నేను గెలిచాను. గరాజ్‌లో ఎవరూ లేరు.

తుపాకీలో లోపం లేకపోతే ఆ రెండూ ఎందుకు పక్కకి పోయాయి? రష్మికి ఫోన్ చేసి అడిగాను.

"ఆంటీకి ఆ రోజు తలనొప్పి అంకుల్. లాస్ట్ టూ షాట్స్ ముందు కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇంటికెళ్లి పడుకుంటా అంది."

ఆ పావుగంటా నేను కాగితం వైపే చూశాను. రాధ మొహం ఎలా ఉందో గుర్తు లేదు.

డాక్టర్‌ని అడిగాను. పదకొండున్నరకే తెచ్చినా ఏమీ చేయగలిగేవాళ్లం కాదన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు.

తుపాకీని ఆ బాగుచేసే ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. పెద్ద టోపీ పెట్టుకున్న ముసలాయన. లోపలికి లైటు వేసి చూశాడు. తర్వాత, ఏం నూనె రాశావని అడిగాడు. చెప్పాను. లోపలినుంచి ఇద్దరిని పిలిచి, వాళ్ళకీ చెప్పమన్నాడు. ముగ్గురూ వాసన చూశారు.

"ఆమె భర్తవి నువ్వేనా? నీకు చెప్పొద్దని నాచేత కూడా ఒట్టు వేయించుకుంది" అన్నాడు. రాధ ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. టోపీ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

మళ్ళీ పొర వేసి నిన్న ఇచ్చాడు. పోటీ ఆదివారం. రేపు ఉదయం ఎనిమిదింటికి ప్లేనో వెళ్లి తుపాకీని రష్మికి ఇచ్చేస్తాను. జిగురు గురించి తను అడిగితేనే చెప్తాను.

మీ మరిది,
దామోదర్