మడ్‌గార్డుకు కొత్త రంగు

ఐర్లాండ్,
ఆదివారం

ప్రియమైన ఆపాకు,

తమ్ముడు జానీ సలాములు. అబ్బా మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? అమ్మీ షుగర్ మందులు వేళకు వేసుకుంటున్నదా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ అమ్మీ చేతిలో ఉంటుంది, స్పీకర్ పెట్టి తల్లాడ మొత్తానికి వినిపిస్తుంది. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాలి, అందుకే కాగితం పట్టాను.

ఇక్కడ వాన ఎప్పుడు పడుతుందని ఎవరూ అడగరు, ఎప్పుడు ఆగుతుందనే అడుగుతారు. బంగాళాదుంపను ఉడికించి పెడతారు, వేయించి పెడతారు, మెదిపి పెడతారు, కారం మాత్రం వెయ్యరు. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండుకారం పంపు. కడుపు నిండా తింటున్నానని అమ్మీతో చెప్పు. ట్రాక్టర్లు బాగుచేసే మా షెడ్డు యజమాని పాట్రిక్ డెబ్బై దాటిన మనిషి. పిల్లలు కూడా ఆయన్ను పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక 'సర్' అంటే, ఎవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. పని ఉన్నంతసేపు బాగుంటుంది. ఆదివారాలే గడవవు, మాట్లాడే మనిషి ఉండడు.

అసలు సంగతికి వస్తాను. నిన్న ఇక్కడ పాత ట్రాక్టర్ల జాతర జరిగింది. జాతర అనే అనాలి దాన్ని. పచ్చిక మైదానం నిండా బళ్లే బళ్లు, చాలావరకు అబ్బా పుట్టకముందువి. మనమైతే ఎప్పుడో పాత ఇనుము కింద వేసేవాళ్లం. వీళ్లు బిడ్డల్లా దాచుకుని ఏడాదికోసారి తెచ్చి చూపిస్తారు. ఒకాయన హ్యాండిల్ తిప్పి బండి స్టార్ట్ చేస్తే జనం చప్పట్లు కొట్టారు! తల్లాడలో అబ్బా రిపేరు షెడ్డులోనైతే రైతులు 'గింత దానికి ఇన్ని దినాలు ఉంచుకుంటివా' అని తిట్టి తోలుకుపోతారు.

కానీ ఆపా, ఆ జాతరకు నేను తలెత్తుకుని వెళ్లలేదు.

శుక్రవారం పాట్రిక్ చుట్టాల పెళ్లికి పోతూ, తన ఎర్ర ట్రాక్టరు ఇంజిన్, ఆయిలు చూసిపెట్టమన్నాడు. వాళ్ల నాన్న కొన్న బండి అది, రంగంతా వెలిసిపోయింది. నాకు దసరా ముందు మన షెడ్డే గుర్తొచ్చింది. కడిగి, రంగేసి, నువ్వు అంచుకు గీత గీస్తే గాని ఏ రైతూ బండి తీసుకుపోడు కదా. 'పండగపూట బండి గిట్ల బోసిగ ఇస్తరా?' అని అబ్బా మీదికే వస్తారు. జాతరకు పోయే బండిని బోసిగా ఎలా పంపను? ఇక్కడి షెడ్డులో ఎర్ర ఎనామిల్ డబ్బా కనిపించింది. రెండు మడ్‌గార్డులకూ వేసేసరికి అయిపోయింది. నువ్వు నేర్పినట్టే ముందు రుద్ది, తర్వాత రంగేసి, అంచుకు తెల్ల గీత గీశాను. ఎడమ దాని మీద ఒకచోట రంగు పూర్తిగా పోయి ఇనుము బయటపడి ఉంటే అక్కడ మూడుసార్లు పూశాను.

నిన్న పొద్దున పాట్రిక్ వచ్చి చూసి, టోపీ తీసి నిలబడిపోయాడు. తిట్టలేదు. ఆ చోట చెయ్యి పెట్టి, "ఇక్కడ మేరీ కూర్చునేది" అన్నాడు.

మేరీ ఆయన భార్య, రెండేళ్ల కింద చనిపోయింది. పెళ్లయిన నాటి నుంచి పొలానికైనా చర్చికైనా ఆ మడ్‌గార్డు మీదే కూర్చుని పోయేదట. ఆమె కూర్చుని కూర్చుని అరిగిన చోటు అది. పైగా కొన్ననాటి రంగుతోనే ఉన్న బళ్లకు జాతరలో వేరే వరస ఉంటుంది. ఈ ఏడు అందులో పెట్టాలని ఆయన ఆశ.

ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి కదా! మిరప కోతలకు పోయే మన ఆడవాళ్లను మడ్‌గార్డుల మీద ఎన్నిసార్లు చూడలేదు? రంగు కరిగించే థిన్నర్ తెచ్చాను. దానితో రుద్దితే ఉన్న పాత రంగూ పోతుందని ఆయన వద్దన్నాడు. ఇక పెట్టె సర్దుకోమంటాడనుకున్నాను. ఉద్యోగం పోవడం కన్నా, దారంతా ఆయన నాతో మాట్లాడకపోవడమే కష్టంగా ఉంది.

ఆ వరసలోకి బండిని రానివ్వలేదు, చివరన పెట్టించారు. పాట్రిక్ నన్ను పోయి అన్నీ చూసి రమ్మన్నాడు. గడ్డి కట్టలు కట్టే పాత బేలరు దగ్గర మాత్రం నా దిగులు కాసేపు ఎటో పోయింది. మన వైపు వరిగడ్డిని చుట్టలు చుట్టడానికి కిరాయికొచ్చే మిషన్ లాంటిది కాదు. ట్రాక్టరు నుంచి పొడుగాటి బెల్టు వేసి తిప్పుతారు. ఒకరు గడ్డి వేస్తుంటే గుర్రం తల లాంటి ఇనుప దిమ్మె లేచి లేచి కుక్కుతుంది. ఇద్దరు చెరోపక్క నుంచి తీగ అందించుకుని ముడేస్తారు. నన్నూ రమ్మని తీగ ఇచ్చారు. మూడో కట్టకు నా ముడి నిలిచింది. తలంతా గడ్డి పొట్టు, ఎంత సంతోషమో!

చివరికి బళ్లన్నీ మైదానం చుట్టూ తిరగాలి. పాట్రిక్ స్టీరింగ్ ముందు కూర్చుని నన్ను పిలిచాడు. వెనక నిలబడబోతే ఎడమ మడ్‌గార్డు చూపించాడు. నేను జంకాను. ఆయన ఇంగ్లీషులో అన్నది మన మాటలో రాస్తున్నాను:

"కూసో జానీ. కూసుంటేనే గదా మళ్ల అరిగేది."

కూర్చున్నాను ఆపా. జనం చేతులూపుతుంటే నేనూ ఊపాను. నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

ఇవాళ పొద్దున ఆయన చర్చికి పోతూ నా గది ముందు ఆ ట్రాక్టరే ఆపి, మళ్లీ మడ్‌గార్డు చూపించాడు. నాకు చర్చిలో ఏం పని అంటే, బయట బండి దగ్గర ఉండమన్నాడు. వచ్చినవాళ్లందరూ పలకరించారు, ఎప్పుడు మధ్యాహ్నమైందో తెలియలేదు.

అబ్బాకు ఈ రంగు సంగతి చెప్పకు. 'అడగకుండ ఎవని బండికి చెయ్యి పెట్టినవ్‌రా' అంటాడు, అది నిజమే. అబ్బాను, అమ్మీని నా కోసం దువా చెయ్యమను. ఎదురింటి కోటయ్య బాబాయికి నా నమస్కారాలు.

అన్నట్టు, మూడుసార్లు పూసిన చోట రంగు పైపైన ఆరినా లోపల ఇంకా పచ్చిగానే ఉంది. ఇవాళ బండి దిగేసరికి నా ప్యాంటు వెనకంతా ఎరుపే. పాట్రిక్ చూసి, అరగడం మొదలైందని రోడ్డు మీదే పడీ పడీ నవ్వాడు.

నీ దగ్గర బ్రష్ పట్టడం నేర్చిన తమ్ముడు,
జానీ