నీరు కారని చిల్లర డబ్బా

మామయ్యకు, కుట్టుకొట్టులో ఊపిరాడని నీ మేనకోడలు నమస్కరించి రాసేది.

మూడు ఖాళీ పాలపొడి డబ్బాలు పంపుతున్నాను. ఒకదాని మీద ఒకటి పెట్టి, టంకంతో అతికి, నాకో చిల్లర డబ్బా చేసిపెట్టు. పాత కుట్టుమిషను ఒకటి బేరానికి వచ్చింది. బయానా ఇవ్వడానికి నెలాఖరు దాకా గడువు. అది కొంటే ఈ యజమానురాలి సణుగుడు నాకు వదిలిపోతుంది. నా చేతిలో పైసా నిలవదని నీకు తెలుసుగా. త్వరగా చెయ్యి!

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: మూత వద్దు. మూతుంటే తీస్తాను. నా సంగతి నాకు తెలుసు.

*

తొందరపిల్లకు మామయ్య దీవెనలు.

డబ్బా పంపాను. నలభై ఏళ్ళుగా నూనె డబ్బాలు, కిరసనాయిలు డబ్బాలు అతికిన చెయ్యి ఇది. నీళ్ళ తొట్టిలో ముంచి చూశాను, ఒక్క బుడగ రాలేదు. నిశ్చింతగా వాడుకో.

ఇట్లు,
మామయ్య

తా.క.: మీ అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి ఏదో అనబోయింది. రేకుపని గురించి ఆవిడకేం తెలుసు!

*

మామయ్యకు నమస్కారం.

కొట్టు తెరిచే వేళయింది, నిలబడే రాస్తున్నాను. ఈ డబ్బాతో నా పని కాదు. వెనక్కి పంపుతున్నాను. ఓసారి చూడు, నీకే తెలుస్తుంది. రోజులు అయిపోతున్నాయి. నాకు కాలు నిలవడం లేదు.

నీ మేనకోడలు

తా.క.: ఇవాళ్టి చిల్లర పట్టుకుని డబ్బా చుట్టూ తిరిగి తిరిగి, చివరికి బిస్కెట్లు కొనుక్కున్నాను.

*

మేనకోడలికి, మనసు నొచ్చుకున్న మామయ్య రాసేది.

నా డబ్బా తిరిగి రావడమా! అంటే కారుతోందన్నమాట. రెండు రోజులు అన్నం సయించలేదు. మళ్ళీ తొట్టిలో ముంచి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాను. బుడగ లేదు. అయినా నీ మాట కాదనలేక అతుకుల మీద ఇంకో పూత టంకం పోసి పంపుతున్నాను.

ఇట్లు,
మామయ్య

తా.క.: మొదట్లో ఒక్కచోట కారిన మాట నిజమే. నాణెం దూరడానికని పైన నేనే కోసిన సందు అది. నీకు పంపేముందే పూడ్చేశాను.

*

మామయ్యా! నమస్కారం చివర్లో పెడతాను.

ఆ సందులోంచే కదా నేను చిల్లర వేయాల్సింది! ఇందులో నీళ్ళు దాచుకుంటానా? గడువు ఇంకా తొమ్మిది రోజులే. మిషను అమ్మేవాడు వేరే బేరం చూస్తున్నాడు. నాకు ఏడుపొస్తోంది. డబ్బా మళ్ళీ పంపుతున్నాను. సందు కొయ్యి. లేదంటే మా వీధి చివర రేకులతనికి ఇచ్చేస్తాను.

నమస్కారం.
నీ మేనకోడలు

తా.క.: అతను అతికిన బక్కెట్టు చూశాను. కారుతోంది. నాక్కావలసిన పనితనం అదే.

*

మేనకోడలికి, మామయ్య తల వంచుకుని రాసేది.

సందు కోశాను. సరిపోయిందో లేదోనని ఓ నాణెం వేశాను. చప్పుడు బాగుంది. ఇంకోటి వేశాను. మీ అత్తయ్య చీర మడతల్లోని చిల్లరంతా తెచ్చి వేసింది. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ నీ మిషను సంగతి చెప్పి, వాళ్ళ చేతా వేయించాను. నాలుగు రోజులు తిరక్కుండానే మెడదాకా నిండింది. నీ బయానాకి ఢోకా లేదు.

మరి తీయాలంటే డబ్బా కోయాలి. నేను అతికింది నేను కోయలేనమ్మా. ఈ ఉత్తరం అందిన మర్నాడే తెస్తాను. ఉలి నీ చేతికిచ్చి వీధిలో నిలబడతాను. అయిపోయాక పిలువు.

ఇట్లు,
మామయ్య

తా.క.: బస్సు కుదిపినప్పుడల్లా ఇది గలగలమంటుంది. ఎవరికీ వినపడకుండా దారి పొడుగునా దగ్గుతూ వస్తాను. దిగగానే ఆసుపత్రికి తీసుకెళ్ళకు.